జెంటూ స్టేబుల్ అభ్యర్థన: ఒక్కో ఫీల్డు, దాని అర్థం

జెంటూ లినక్స్‌లో ఏ ప్యాకేజీ కొత్త వెర్షన్ అయినా మామూలుగా టెస్టింగ్ ముద్రతోనే వస్తుంది. ప్యాకేజీ బిల్డ్ సూచనలుండే ఈబిల్డ్ ఫైలులో ఆర్కిటెక్చర్ పేరు ముందు '~' గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తును తీసెయ్యడమే స్టేబుల్ చెయ్యడం. ఆనవాయితీ ప్రకారం 30 రోజులు గడిచి, పెద్ద లోపాలేవీ బయటపడకపోతే మెయింటెయినర్ జెంటూ బగ్ ట్రాకర్ అయిన బగ్‌జిల్లాలో అభ్యర్థన పెడతారు. దాన్ని మనుషుల కంటే ముందు నాట్కా అనే ప్రోగ్రామ్ చదువుతుంది. శీర్షికలో ఎంత వివరంగా రాసినా దానికి పట్టదు, ఫీల్డుల్లో ఉన్నదే లెక్క.

కాంపొనెంట్: 'స్టెబిలైజేషన్' ఎంచుకోవాలి. పక్కనే ఉండే 'కీవర్డింగ్' వేరే పనికి, అంటే ప్యాకేజీని ఒక ఆర్కిటెక్చర్‌పై తొలిసారి టెస్టింగ్‌లోకి తేవడానికి.

ప్యాకేజీ లిస్ట్: అభ్యర్థనకు ప్రాణం ఇదే. వరుసకు ఒక ప్యాకేజీ: వర్గం, పేరు, కచ్చితమైన వెర్షన్, ఆ తర్వాత ఆర్కిటెక్చర్లు. ఉదాహరణకు 'డెవ్-పైథాన్/రిక్వెస్ట్స్-2.31.0 ఏఎండీ64 ఆర్మ్64'. ఇదివరకు స్టేబుల్ అయి ఉన్న ఆర్కిటెక్చర్లన్నీ కావాలంటే '*' చాలు. పై వరుసలోవే మళ్లీ కావాలంటే '^'. ఎక్కువమంది తడబడేది డిపెండెన్సీల దగ్గర. రిక్వెస్ట్స్ కొత్త వెర్షన్‌కు ఇంకా స్టేబుల్ కాని మరో లైబ్రరీ అవసరమైతే, దాన్నీ ఇదే జాబితాలో చేర్చాలి. దానికి విడిగా బగ్ ఉంటే 'డిపెండ్స్ ఆన్'లో ఆ నంబరు ఇవ్వాలి. లేకపోతే స్టేబుల్ వ్యవస్థ వాడేవాళ్లు ఆ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసుకోలేరు.

శానిటీ-చెక్: ఈ ఫ్లాగ్ పెట్టేది నాట్కాయే. జాబితా సరిగా ఉంటే '+', డిపెండెన్సీ తెగితే '-'. మైనస్ వస్తే కారణం కామెంట్‌లో ఉంటుంది, అది చదివి జాబితా దిద్దాలి.

సీసీ-ఆర్చెస్: ఈ కీవర్డ్ ఉంటే, తనిఖీ దాటాక ఆయా ఆర్కిటెక్చర్ జట్లను నాట్కాయే సీసీలో చేరుస్తుంది. తప్పులున్న జాబితాతో వాళ్లను ముందే పిలిచే ఇబ్బంది తప్పుతుంది.

ఆల్‌ఆర్చెస్: ఒక ఆర్కిటెక్చర్‌పై పరీక్షిస్తే అన్నింటికీ సరిపోతుందని ఇచ్చే హామీ ఇది. ఫాంట్లకు, డేటా ఫైళ్లకు, పూర్తిగా పైథాన్‌లో రాసిన మాడ్యూళ్లకు నప్పుతుంది. సీ భాషలో కంపైల్ అయ్యే భాగం ఉంటే దీన్ని వాడకూడదు. ఏఎండీ64పై చక్కగా నడిచిన కోడ్ బైట్ల వరుస తిరగబడే మెషీన్‌పై పాడవ్వొచ్చు. అక్కడి వాడుకరులకు స్టేబుల్ పేరుతో పరీక్షించని సరుకు అంటగట్టినట్టవుతుంది.

రన్‌టైమ్ టెస్టింగ్ రిక్వైర్డ్: చాలామంది పట్టించుకోని ఫీల్డు. అక్కర్లేదంటే బిల్డ్ అయ్యి, ప్యాకేజీ సొంత టెస్టులు గట్టెక్కితే చాలు. కానీ గ్రాఫిక్ ప్రోగ్రామ్‌కో, బూట్ సాధనానికో ఆ టెస్టులు చాలవు. అలాంటప్పుడు 'అవును' పెట్టి, ఏం నడపాలో, ఏం కనబడాలో కామెంట్‌లో రెండు ముక్కలు రాయండి. ఆ ప్యాకేజీని ఎన్నడూ వాడని టెస్టర్‌కు ఆ రెండు ముక్కలే దారి చూపాలి.