గొంతుక ఒకటి, చేతులు పది

రేడియోలో వినిపించిన మంచి మాట తనంత తాను పొలంలోకి నడిచిరాదు. ఒంటరిగా విన్నవాడు తలవూపి వూరుకుంటాడు. పదిమంది కూడి విన్నచోట మాత్రం "అయితే మనమేం చేద్దాం?" అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నకు ఒక చరిత్ర వున్నది. అది కథోలిక సోదర సంఘాలతోను, ఒక చిన్న పట్టణపు రేడియోతోను ముడిపడి వున్నది.

1882లో అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణంలో మైఖేల్ మెక్‌గివ్నీ అనే ఫాదిరీ 'నైట్స్ ఆఫ్ కొలంబస్' అనే సంఘం స్థాపించాడు. కష్టజీవులైన ఆ కథోలిక కుటుంబాలలో సంపాదించేవాడు కన్నుమూస్తే, భార్యాబిడ్డలు వీధిన పడేవారు. సభ్యులు తలా కొంత సొమ్ము వేసుకొని అట్టి కుటుంబాన్ని ఆదుకొనడమే ఆ సంఘం పూనుకొన్న మొదటి పని. 1897లో అది కెనడాకు కూడ వచ్చింది.

కెనడా తూర్పు తీరాన నోవా స్కోషియా రాష్ట్రం వున్నది. అక్కడి జాలరుల, చిన్న రైతుల బతుకు మనకు తెలియనిదేమీ కాదు. పట్టిన చేపకు ధర కట్టేవాడు వర్తకుడే, అప్పు పెట్టేవాడూ వర్తకుడే. ఆంటిగోనిష్ పట్టణంలోని సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ విశ్వవిద్యాలయం, ఇది కథోలికులది, 1928లో విస్తరణశాఖను తెరిచింది. దానికి అధిపతి మోజెస్ కోడీ అనే ఫాదిరీ. అతనికి దారి చూపినవాడు జిమ్మీ టాంప్‌కిన్స్ అనే మరొక ఫాదిరీ.

వాళ్ళు ముందుగా డబ్బు పంచలేదు. ఇరుగుపొరుగును ఒక ఇంట్లో కూర్చోబెట్టి, మన సరుకు ధర ఎక్కడ తెగుతున్నది, మధ్యలో ఎవరెవరి చేయి తడుస్తున్నది అని లెక్క వేయించారు. అట్టి అధ్యయన మండలుల నుండే పరపతి సంఘాలు, సహకార దుకాణాలు పుట్టినవి. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, కథోలికులు కానివారికి కూడ ఆ తలుపు తెరిచే వుంచారు. అప్పు మతం చూసి రాదు గదా!

1943లో ఆ పట్టణంలోనే సి.జె.ఎఫ్.ఎక్స్. రేడియో కేంద్రం మొదలయింది. ఆ పేరులోని చివరి రెండక్షరాలు ఫ్రాన్సిస్ జేవియర్‌వే. దాని మేనేజరు క్లైడ్ నన్ తరువాత ఆ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయినాడు. విస్తరణశాఖ పాఠాలు ఆ రేడియో ద్వారా ఇళ్ళకు చేరినవి. గొంతుక రేడియోది, దాన్ని అందుకొన్న చేతులు మండలులవి.

కెనడా దేశమంతటికీ 1941 నుండి 1965 వరకు 'జాతీయ వ్యవసాయ రేడియో గోష్ఠి' నడిచింది. చదవండి, వినండి, చర్చించండి, చేయండి అన్నది దాని సూత్రం. గోష్ఠిలో తేలిన అభిప్రాయం తిరిగి నిర్వాహకులకు వెళ్ళేది. అనగా రేడియో చెప్పడమే గాక వినడం కూడ నేర్చుకొన్నది.

ఆ పద్ధతినే 1956లో యునెస్కో తోడ్పాటుతో ఆకాశవాణి పూనా ప్రాంతంలో పరీక్షించింది. 150 గ్రామాలలో గోష్ఠులు ఏర్పడినవి. వారానికి రెండు చొప్పున పది వారాలలో 20 ప్రసారాలు జరిగినవి. గోష్ఠులున్న గ్రామాలలో జనానికి తెలివిడి బాగా పెరిగినట్లు పరిశీలకులు కనుగొన్నారు. 1959లో పథకాన్ని దేశమంతటికీ విస్తరించారు. కాని రానురాను ఆ వూపు తగ్గింది. పెట్టె మిగిలినచోట కూడ గోష్ఠి మిగలలేదు.

"కెనడా మాట, పూనా మాట మనకెందుకయ్యా?" అంటారేమో. అయితే సికింద్రాబాదు బన్సీలాల్‌పేటకు వెళ్ళి అక్కడి మెట్లబావి చూడండి. ఎన్నో ఏళ్ళు చెత్త కింద పూడిపోయిన బావి అది. అందరికీ తెలిసిన బావే, అందరూ చూస్తూ నడిచిన బావే. ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ పూనుకొని పూడిక తీయగా, 2022 డిసెంబరులో అది మళ్ళీ జనానికి తెరుచుకొన్నది. నీళ్ళు అడుగునే వున్నవి. చేతులు కలవడమే ఆలస్యమయింది.

ఇప్పుడు ప్రతి జేబులోను ఒక రేడియో వున్నట్లే. మాటకు కొదవ లేదు. కాబట్టి చదువరులారా, ఒక పని చేయండి. వారానికొకసారి పదిమంది ఒకచోట కూర్చోండి. కులమూ మతమూ అడగకండి. కౌలుదారును, కూలివాణ్ణి, ఇంటి ఆడవారిని కూడ పిలవండి. విన్న మాటల్లో ఒక్కదాన్ని ఎన్నుకొని, అది మన నేలకు సరిపడునా లేదా అని వాదించండి. సరిపడితే ఒక మూల మడిలో చేసి చూడండి. సరిపడకపోతే, ఎందుకు సరిపడలేదో చెప్పినవాడికే తిరిగి రాయండి.

జవాబు రాసే శ్రోతలుంటేనే చెప్పేవాడు జాగ్రత్తగా చెబుతాడు.