జీఈ రోడ్డు మీద నెత్తురు లెక్క

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. రాయ్‌పూర్ జీఈ రోడ్డు మీద మీరు ఆటో దిగారు. వడగాలి మొహాన కొడుతోంది. ఇక్కడ ఎన్‌ఐటీ, దగ్గర్లోనే రవిశంకర్ శుక్లా యూనివర్సిటీ, ఇంకా పోతే టాటీబంధ్‌లో ఎయిమ్స్. లెక్కలూ ఆసుపత్రీ ఒకే రోడ్డు మీద ఉన్నా, పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఆ రెండింటికీ పొత్తు ఉందని మీకు తట్టదు.

ఎమ్మెస్సీ నాటి పాయిజలీ సూత్రం మీకు కంఠతా వచ్చు. గొట్టం వ్యాసార్ధం సగమైతే, అదే పీడనానికి పారేది 16వ వంతే. 20 శాతం సన్నబడినా వచ్చేది 41 శాతమే. పాయిజలీ వైద్యుడు. రక్తం సంగతి తేల్చుకుందామనే 1840 ప్రాంతంలో సన్నటి గాజు గొట్టాలు పట్టుకున్నాడు. రక్తం గడ్డకట్టేస్తుంటే నీళ్ళతో కొలిచాడు. నెత్తురుకి దగ్గరగా వచ్చిన సమీకరణాల్లో ఒకటి 1959లో కాసన్ రాసింది. ఆయన రాసింది మాత్రం అచ్చు సిరా కోసం! కొంత ఒత్తిడి పడేదాకా సిరా కదలదు, రక్తమూ అంతే.

ఇక్కడే ఆగిపోయే థీసిస్‌లు కోకొల్లలు. అయస్కాంత క్షేత్రం పదం ఒకటి తగిలించి, గోడకి రంధ్రాలు పెట్టి, గ్రాఫులు గీసేస్తారు. డిగ్రీ వస్తుంది. నెత్తురు వాసన తగలదు.

సికిల్ సెల్ జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రం కాబట్టి మీకు ల్యాబ్ చూసే వీలు దొరికింది. టెక్నీషియన్ స్లైడు మీద ఆ జబ్బున్న మనిషి రక్తపు చుక్క వేసి, సోడియం మెటాబైసల్ఫైట్ కలిపి, పైన గాజుపలక మూసి, అంచులకి వ్యాజిలిన్ పూశాడు. లోపల ఆక్సిజన్ తరిగిపోవాలి. కాసేపాగి మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టారు. గుండ్రటి కణాల మధ్య కొన్ని సాగి, వంగి, కొనలు తేలుతున్నాయి. హీమోగ్లోబిన్ లోపల పోగులు కట్టింది. మామూలు ఎర్రకణం 8 మైక్రాన్లున్నా తనకంటే సన్నటి కేశనాళికలో మడతపడి దూరిపోతుంది. ఇవి బిగుసుకుపోయాయి, దూరలేవు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ అందితే వీటిలో చాలావరకు మళ్ళీ గుండ్రబడతాయి.

అంటే మీరు స్థిరాంకమని రాసుకుంటూ వచ్చిన స్నిగ్ధత, అంటే రక్తపు చిక్కదనం, స్థిరం కాదు.

రాత్రి రైల్వే కాలనీ ఇంట్లో అమ్మ అన్నం పెడుతూ అడిగింది, శ్రీకాకుళం యాసలోనే:

"ఏటి లెక్కలేత్తన్నావు నాన్నా?"

"రక్తం ఎలా పారుతుందోనమ్మా."

"డాక్టర్లకి తెల్దేటి అది?"

జవాబు చెప్పకుండా చెయ్యి కడుక్కుని కాగితం ముందేసుకున్నారు. స్నిగ్ధతని ఆక్సిజన్ మీద ఆధారపడేలా తిరిగి రాశారు. ఆ ఆక్సిజన్ ఎక్కడ ఎంతుందో తేలాలంటే ప్రవాహం తెలియాలి. ప్రవాహం తెలియాలంటే స్నిగ్ధత కావాలి. విడివిడిగా తేలవు, రెండింటినీ కలిపే సాధించాలి. ప్రోగ్రాం నడిపితే అంకెలు కుదురుకోకుండా ఎగిరిపోయాయి. గ్రిడ్ ఇంకా సన్నం చేసి, కాలపు అడుగు తగ్గించి, మళ్ళీ నడపమన్నాడు గైడు ఫోన్లో.