మాజీ సైనికులకు మనోవైద్యం, టీకాలు: పొందే మార్గాలివీ

తాడేపల్లిగూడెం: పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధకాలం నుంచి తరతరాలుగా సైన్యానికి యువకులను పంపుతున్న గ్రామమది. ఇటువంటి ఊళ్లలో మాజీ సైనికుడనగానే పింఛను, క్యాంటీన్ కార్డు, పతకాలు గుర్తుకొస్తాయి. ఆయనకు రాత్రివేళ నిద్ర పడుతున్నదో లేదో అడిగేవారు అరుదు.

పదిహేను, పదిహేడేళ్ల సర్వీసు ముగించిన జవాను నలభై ఏళ్లు నిండకుండానే ఇల్లు చేరతాడు. దళం, క్రమశిక్షణ, ప్రాణమిచ్చే సహచరులు ఒక్కసారిగా దూరమవుతారు. దీపావళి టపాసులకు ఉలిక్కిపడటం, పీడకలలు, అకారణ కోపం, నలుగురిలోకి రాకపోవడం వంటివి కొందరిలో ఏళ్ల తర్వాత కూడా కనిపిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ‘షెల్ షాక్’ అన్న స్థితికి దగ్గరి రూపాన్ని అమెరికా మనోవైద్యులు 1980లో పీటీఎస్‌డీ పేరిట వ్యాధుల జాబితాలో చేర్చారు. ఇది పిరికితనం కాదు, చికిత్స ఉన్న జబ్బు. నిద్ర కోసం మద్యాన్ని ఆశ్రయించడం మాత్రం ప్రమాదకరం. మత్తు తగ్గాక నిద్ర మరింత చెడుతుంది.

మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్ఎస్ 2003 ఏప్రిల్ 1న ప్రారంభమైంది. దేశవ్యాప్తంగా నాలుగు వందలకు పైగా పాలిక్లినిక్‌లు ఉన్నాయి. మన రాష్ట్రంలో విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు వంటి చోట్ల పనిచేస్తున్నాయి. పింఛనుదారులతో పాటు భార్య, అర్హులైన ఆధారితులు, కుటుంబ పింఛను పొందే వితంతువులు ఇందులో చేరవచ్చు. పథకం ఆరంభానికి ముందు పదవీ విరమణ చేసినవారు స్వయంగా దరఖాస్తు చేసుకోవాలి. 1996 జనవరి 1కి ముందు విరమించినవారికి చందా మినహాయింపు ఉంది. డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు దగ్గర ఉంచుకోవాలి. సందేహాలుంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించవచ్చు.

పాలిక్లినిక్‌లో మనోవైద్యుడు లేకున్నా, అక్కడి వైద్యుడు రిఫరల్ రాస్తే ఒప్పందమున్న ఆసుపత్రిలో చికిత్స పొందవచ్చు. పథకంలో లేనివారికి విశాఖ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి ఉన్నాయి. ‘మనోవైద్యుణ్ని కలిస్తే పింఛను పోతుంది’ అన్న భయం నిరాధారం. రోగి వివరాల గోప్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కుగా గుర్తించింది.

ఫోనులో మాట్లాడదలిస్తే 14416కు చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ ఉచిత ‘టెలి మానస్’ సేవ రాత్రింబవళ్లు, తెలుగులోనూ లభిస్తుంది. సైనిక దళాల కోసం పుణె సాయుధ దళాల వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో ప్రత్యేక విభాగం ఏర్పాటైంది. పదవీ విరమణ తర్వాత కాపలా ఉద్యోగం కోసం లైసెన్సు తుపాకీ ఉంచుకున్నవారు కొందరుంటారు. మనసు చెదిరిన రోజుల్లో దానిని ఇంట్లో ఉంచకుండా చూడవలసింది కుటుంబమే.

ఇక టీకాల సంగతి. సర్వీసులో పొడిచిన సూదులు జీవితాంతం కాపాడతాయన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది పొరపాటు. ధనుర్వాతం, కంఠసర్పి నుంచి రక్షించే టీడీ టీకాను పదేళ్లకోసారి వేయించుకోవాలి. ఫ్లూ వైరస్ రూపు మార్చుకుంటుంది గనుక ఆ టీకా ఏటా అవసరం. వయసు మళ్లినవారు, మధుమేహం, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు న్యుమోనియా టీకా గురించి వైద్యుణ్ని అడగాలి. పెద్దలకిచ్చే ఫ్లూ, న్యుమోనియా టీకాలు జాతీయ ఉచిత కార్యక్రమంలో లేవు. కనుక బయట కొనేముందు పాలిక్లినిక్‌లో విచారించడం మేలు. పొలంలో కుక్క కరిస్తే గాయాన్ని సబ్బు నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా వేయించుకోవాలి. రక్తం కారే గాయమైతే టీకా ఒక్కటే చాలదు, ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి.

‘మనసు బాగాలేదు’ అని ఆసుపత్రికి వెళ్లమంటే వెళ్లని మనిషి సూది కోసమైతే నిరాక్షేపణగా బయలుదేరతాడు. ఆ రోజు భార్య వెంట వెళ్లి, ఆయన నిద్ర, కోపం, తాగుడు గురించి వైద్యుడికి నాలుగు మాటలు చెబితే, రిఫరల్ చీటీ అక్కడే రాయించుకోవచ్చు.