ఎంటర్ మీట మాట వినని రోజు

తరచుగా వాడే ఆదేశమొకటి కంట్రోల్, ఎం మీటలు కలిపి నొక్కగానే ప్రత్యక్షమయ్యేలా ఒకనాడు బాష్‌లో అమర్చుకున్నాను. అనుకున్నట్టే ప్రత్యక్షమయింది. అయితే ఆ తర్వాత ఎంటర్ నొక్కినా అదే వచ్చి పడసాగింది! ఏ ఆదేశమూ నెరవేరదు. నా తప్పేమిటో వెతుక్కుంటూ వెళితే, దాని మూలం టెలిటైపు కాలంలో దొరికింది.

1963లో వెలువడి, 1967లో గణనీయంగా సవరణ పొందిన ఆస్కీ ప్రమాణం, 0 నుండి 127 వరకు గల సంఖ్యలను అక్షరాలకూ సంజ్ఞలకూ పంచిపెట్టింది. మొదటి 32 యంత్రాన్ని నడిపే సంజ్ఞలు. 13 వస్తే టెలిటైపు అచ్చుతల ఎడమ అంచుకు చేరుతుంది. 10 వస్తే కాగితం ఒక వరుస పైకి జరుగుతుంది. ఈ సంజ్ఞలకు విడివిడి మీటలు పెట్టే బదులు కంట్రోల్ మీట పెట్టారు. పెద్ద ఎం సంఖ్య 77. అందులోంచి 64 తీసివేయడమే కంట్రోల్ చేసే పని. మిగిలేది 13, అంటే మన ఎంటర్! అలాగే కంట్రోల్, ఐ కలిస్తే 9, అంటే ట్యాబ్. అవతలి ప్రోగ్రాముకు చేరేది సంఖ్యే తప్ప, మనం నొక్కిన మీట కాదు.

మరి 32 సంజ్ఞలు చాలకపోతే? ఈ చిక్కును ముందే ఊహించిన ఐబీఎం ఉద్యోగి బాబ్ బీమర్ 1960లో ఎస్కేప్ సంజ్ఞను ప్రతిపాదించాడు. దీని వెనుక వచ్చే అక్షరాలను మామూలు అర్థంలో తీసుకోవద్దని దాని భావం. 1967 నాటి ఆస్కీలో దాని సంఖ్య 27.

కాగితం పోయి తెర వచ్చాక ఈ సంజ్ఞకు మహర్దశ పట్టింది. మొదట్లో ఒక్కొక్క టెర్మినల్‌ది ఒక్కొక్క భాష. డెక్ సంస్థవారి వీటీ52లో పైబాణం మీట ఎస్కేప్, ఏ అని రెండు సంకేతాలు పంపేది. 1978లో వచ్చిన వీటీ100లో నడుమ చదరపు కుండలీకరణం చేరి, అవి 27, 91, 65 అని మూడయ్యాయి. 1976 నాటి ఎక్మా-48, 1979 నాటి ఆన్సీ ప్రమాణాలు ఈ పద్ధతినే స్థిరపరిచాయి. మన 'క్ష' కూడా ఇంతే కదా! చూపుకు ఒకే అక్షరం, యూనికోడ్‌లో క, పొల్లు, ష అని మూడు సంకేతాలు.

27 ఒక్కటే వచ్చినప్పుడు, అది ఎస్కేప్ మీటా, బాణం మీటకు ఆరంభమా అన్నది ప్రోగ్రాముకు వెంటనే తెలియదు. అందుకే కొన్ని ఎడిటర్లలో ఎస్కేప్ నొక్కాక క్షణకాలం తటపటాయింపు కనిపిస్తుంది.

నన్ను గట్టెక్కించినదీ ఆ పాత లెక్కే. కంట్రోల్, జే కలిస్తే 10. బాష్ దాన్ని కూడా ఎంటర్‌గానే స్వీకరిస్తుంది. ఆ దారిన నా అమరికను తొలగించి, అడ్డదారిని ఆల్ట్, ఎం మీటలకు మార్చుకున్నాను. నా టెర్మినల్లో ఆల్ట్ చేసేదల్లా అక్షరానికి ముందు 27 చేర్చడమే; కనుక ఎంటర్‌తో తగవు లేదు.

ఇప్పుడు కొత్త అడ్డదారి కట్టేముందు కంట్రోల్, వి నొక్కి, ఆపైన ఆ మీట నొక్కి, అది పంపే సంకేతాలేమిటో చూసుకుంటున్నాను. 1978 నాటి వీటీ100 ఏ మూల తుప్పు పట్టిందో గాని, దాని మాట మాత్రం నా తెర మీద ఇంకా చెల్లుతూనే ఉంది.