పన్వేల్ అనే చిన్న గస్తీ పడవ

1971 డిసెంబరు యుద్ధం అనగానే మనకు విక్రాంత్ ఓడ గుర్తుకొస్తుంది. విశాఖ వాళ్ళకైతే తమ తీరంలో మునిగిన ఘాజీ జలాంతర్గామి గుర్తుకొస్తుంది. వాటి పక్కన పసిపిల్లలా కనిపించే ఒక పడవ సంగతి ఇవాళ చెప్తాను. దాని పేరు పన్వేల్. సోవియట్ దేశంలో కట్టిన గస్తీ పడవ. మన పులికాట్ పేరు పెట్టిన పడవ కూడా ఆ తరగతిదే.

అంత చిన్నదానితో యుద్ధమేమిటి అంటారేమో! తూర్పు బెంగాల్ నదుల దేశం కదమ్మా. మంగ్లా రేవు, దానికి ఎగువన ఖుల్నా పట్నం సుందరబనాల వెనక ఉన్నాయి. ఆ ఏటిపాయల్లోకి పెద్ద యుద్ధనౌకలు పోలేవు. అందుకని పన్వేల్‌కు తోడుగా కలకత్తా పోర్టు ట్రస్టు పడవలు రెండింటికి బోఫోర్స్ ఫిరంగులు బిగించి, పద్మ, పలాశ్ అని పేర్లు పెట్టారు. వాటిలో పనిచేసినవాళ్ళు చాలామంది ముక్తివాహిని నావికులు. దళనాయకుడు కమాండర్ సామంత్. పన్వేల్‌ను నడిపించింది లెఫ్టినెంట్ కమాండర్ నొరోన్హా.

డిసెంబరు 10 ఉదయం మంగ్లా చేరారు. అక్కణ్ణించి ఖుల్నాకు సాగారు. మధ్యాహ్నం కావస్తుండగా విమానాలు వచ్చాయి. అవి మన విమానాలే! మనవాళ్ళకు ఆనవాలుగా పడవలమీద పసుపు రంగు గుర్తులున్నాయి. అయినా శత్రువుల పడవలనుకుని దాడి చేశాయి. పద్మ, పలాశ్ రెండూ మునిగిపోయాయి.

పలాశ్ ఇంజను గదిలో రుహుల్ అమీన్ ఉన్నాడు. పడవ విడిచిపొమ్మన్నా ఇంజన్ను కాపాడాలనే చూశాడు. చివరికి గాయాలతో ఒడ్డు చేరితే రజాకార్లు చంపేశారు. వీళ్ళు మన తెలంగాణ చరిత్రలోని రజాకార్లు కారు, పాకిస్తాన్ సైన్యానికి కొమ్ముకాసిన అక్కడి దళం. పద్మలోని చిమన్ సింగ్ కూడా గాయపడి నీళ్ళలో పడ్డాడు. ఒడ్డునుంచి తుపాకులు పేలుతుంటే, తోటివాళ్ళు తప్పించుకోవాలని తనే ఎదురువెళ్ళి పట్టుబడ్డాడు. బంగ్లాదేశ్ విముక్తి అయ్యాకే బయటపడ్డాడు.

పన్వేల్ దెబ్బ తప్పించుకుంది. అంతటితో వెనక్కి తిరిగిపోలేదు. నీళ్ళలో ఉన్నవాళ్ళను పైకి తీసుకుని, ఒంటరిగానే ఖుల్నా దగ్గర శత్రువుతో తలపడింది.

సామంత్, నొరోన్హా, చిమన్ సింగ్ ముగ్గురికీ మహావీర చక్ర ఇచ్చారు. రుహుల్ అమీన్‌ను బంగ్లాదేశ్ తన ఏడుగురు బీర్ శ్రేష్ఠుల్లో ఒకడిగా గౌరవించింది. ఆయన సమాధి రూప్సా నది ఒడ్డున ఉంది.

గెలిచిన యుద్ధం కనక ఆ పొరపాటు సంగతి ఎందుకులే అనిపించవచ్చు. కాని ఆ పడవల్లో పోయినవాళ్ళకూ తల్లులున్నారు, భార్యలున్నారు. మీ పిల్లలకు పన్వేల్ కథ చెప్పేటప్పుడు ఆ పసుపు గుర్తుల మాట కూడా దాచకుండా చెప్పండి.