బెలుం గుహలు

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, చదునైన పొలాల కింద ఉన్న సున్నపురాతి గుహలు ఇవి. పైనుంచి చూస్తే నేలలో బావుల్లాంటి గోతులే కనిపిస్తాయి. ప్రవేశం వాటిలో ఒకదాని గుండానే. ఇప్పటివరకు కొలిచిన పొడవు 3,229 మీటర్లు. అందులో దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు మాత్రమే సందర్శకులు తిరగగలరు.

బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీటిని నమోదు చేశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1982, 1983లలో డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలి దారులను శ్రమించి కొలిచింది. 2002లో గుహలు ప్రజలకు తెరుచుకున్నాయి.

ఈ దారులను తొలిచింది భూగర్భజలం. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని స్వల్ప ఆమ్లంగా మారి, రాతిపగుళ్లలో దిగుతూ సున్నపురాయిని కరిగిస్తుంది. అదే నీరు గుహ కప్పు నుంచి కారేటప్పుడు ఆ వాయువు విడిపోయి, కరిగిన సున్నం కాల్సైట్‌గా పేరుకుంటుంది. పైనుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, నేలనుంచి లేచేవి స్టాలగ్మైట్లు. ఊడలమర్రి, కోటిలింగాలు అన్న పేర్లు ఈ ఆకారాలను చూసి పెట్టినవే.

సప్తస్వరాల గుహలో రాళ్లను తడితే లోహపు మోత వస్తుంది. ముచ్చటే గాని, తట్టకుండా వదిలేయడమే మంచిది. విరిగితే మళ్లీ పెరగడానికి వేల ఏళ్లు పడుతుంది.

అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ, ప్రవేశద్వారానికి 46 మీటర్ల దిగువన. అక్కడ చిన్న నీటిపాయ రాళ్లలోకి దిగి కనుమరుగవుతుంది.