యాభై ఏళ్లకు దగ్గరైనా పాతబడని బ్రిటిష్ కామెడీ: ఇంతకీ నవ్వు ఎవరి మీద?

సదుం, పుంగనూరు, మదనపల్లె వైపు ముస్లిం ఇళ్లలో మాట దక్కనీ ఉర్దూ. బజారుకు వెళ్తే తెలుగు, బడిలో ఇంగ్లీష్. కుప్పం దాకా పోతే తమిళం, కన్నడం కూడా చెవిన పడతాయి. కువైట్‌కు పనికి పోయినవాళ్లకు అరబ్బీ తప్పదు. ఇన్ని భాషల మధ్య ఒకటి అనబోయి ఇంకొకటి అనేయడం మామూలే. సరిగ్గా ఈ తడబాటునే కథగా చేసుకున్న బ్రిటిష్ టీవీ సీరియల్ 'మైండ్ యువర్ లాంగ్వేజ్'.

ఏముంది అందులో?

1977 డిసెంబర్‌లో ఐటీవీలో మొదలైంది. రాసింది విన్స్ పావెల్. లండన్‌లో పెద్దవాళ్లకు సాయంత్రం పూట ఇంగ్లీష్ నేర్పే క్లాసు, అందులో బ్రౌన్ మాస్టారు (బ్యారీ ఎవాన్స్), తలో దేశం నుంచి వచ్చిన విద్యార్థులు. పాకిస్తానీ అలీ పాత్ర వేసిన డినో షఫీక్ ఢాకాలో పుట్టారు. సిక్కు రంజీత్‌గా చేసిన ఆల్బర్ట్ మోసెస్‌ది శ్రీలంక. జమీలాగా నటించిన జమీలా మాసీ సిమ్లాలో పుట్టారు. మాస్టారు ఒకటి అడుగుతారు, విద్యార్థికి ఇంకోటి అర్థమవుతుంది. అంతే, నవ్వు.

దీని ఆధారంగానే 1993లో దూరదర్శన్ మెట్రోలో 'జబాన్ సంభాల్కే' వచ్చింది. పంకజ్ కపూర్ మాస్టారు. నేర్పే భాష ఇంగ్లీష్ కాదు, హిందీ.

ఎందుకు నిలిచాయి?

మొదటి కారణం, తక్కువ తీశారు. జాన్ క్లీజ్ 'ఫాల్టీ టవర్స్' 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం 12 భాగాలే. 1990లో మొదలైన 'మిస్టర్ బీన్' 15 భాగాలతో సరి. మన సీరియళ్లలా ఏళ్ల తరబడి సాగదీయలేదు.

రెండోది, మనిషి మారడు. ఫాల్టీ టవర్స్ ఓనరు బేసిల్ ప్రతిసారీ గొప్పలకు పోతాడు, ప్రతిసారీ బోర్లా పడతాడు. మన దగ్గర 2001లో జెమినీ టీవీలో మొదలైన 'అమృతం'లోనూ హోటల్ నడుపుతూ తిప్పలు పడే మనుషులే ఉన్నారు. అందుకే అదీ నిలిచింది.

మూడోది, విషయం మనదే అనిపిస్తుంది. 1980లో బీబీసీలో వచ్చిన 'యస్ మినిస్టర్'లో మంత్రి ఏదో చేద్దామంటాడు, ఆఫీసరు వినయంగానే ఫైలు ఆపేస్తాడు. ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు దాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. దీన్నే 2001లో స్టార్ ప్లస్ 'జీ మంత్రీజీ'గా తీసింది, మంత్రి ఫారూఖ్ షేక్. ఇక మిస్టర్ బీన్‌కు మాటలతోనే పెద్దగా పనిలేదు. పిల్లలు కూడా చూసి నవ్వుతారు.

వివాదం ఎక్కడ?

'మైండ్ యువర్ లాంగ్వేజ్'ను 1979లో ఆపేశారు. ఒక్కో దేశం మనిషిని ఒకే మూసలో చూపిస్తున్నారని, అది కించపరచడమేనని ఛానెల్ అధికారి మైఖేల్ గ్రేడ్ అభిప్రాయం. 1986లో మళ్లీ 13 భాగాలు వచ్చాయి. అక్కడ అభ్యంతరం చెప్పిన సీరియల్‌ను మన వైపు మాత్రం ఇష్టంగానే చూస్తారు. పరాయి భాష నేర్చుకునే కష్టం తెలిసినవాళ్లకు ఆ క్లాసులో తమ ముఖమే కనిపిస్తుంది.

అలాగని అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. తెలుగు సినిమాల్లోనూ ముస్లిం పాత్ర అనగానే విరిచి విరిచి తెలుగు మాట్లాడించి నవ్వించడం పాత అలవాటే. తరతరాలుగా ఇక్కడే పుట్టి, తెలుగు మీడియంలో చదివి, శుభ్రంగా తెలుగు మాట్లాడేవాళ్లను కూడా అదే యాసతో వెక్కిరిస్తే అది జోకు కాదు. క్లాసులో ఆ పిల్లాడు మళ్లీ నోరు విప్పడు.

తేడా ఇక్కడే ఉంది. బేసిల్ విదేశీ అతిథులను చులకన చేసినప్పుడు నవ్వులపాలయ్యేది బేసిలే. మంత్రి, ఆఫీసరు కథలో పరువు పోయేది కుర్చీది. యాస మీద జోకులో మాత్రం దెబ్బ తగిలేది నేర్చుకునేవాడికి. అయితే అలీ తప్పు చెప్పినా సిగ్గుపడడు, మర్నాడు మళ్లీ క్లాసుకు వస్తాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా జనం అతన్ని మర్చిపోకపోవడానికి ఆ పట్టుదలే కారణం.